ముట్టు సంగతి అడిగే ముందు గుడ్డు ఎవరు తింటున్నారో అడగండి

ప్రశ్న: మేడం, నేను ఆదోని వైపు ఒక పల్లెలో ఆశా కార్యకర్తను. మా ఊళ్లో సగం ఇళ్లు ఏటా సుగ్గికి, అంటే మిరపకాయ కోతలకు, గుంటూరు వైపు పోతాయి. పిల్లల్ని కూడా తీసుకుపోతారు. ఈసారి తిరిగొచ్చిన ఒక పదిహేనేళ్ల పిల్లకు నెలనెలా పది రోజులు ముట్టు ఆగడం లేదు, బడిలో ప్రేయర్‌లో నిలబడి రెండుసార్లు పడిపోయింది. తల్లేమో వేడి చేసింది, దిష్టి తగిలింది అంటోంది. మళ్లీ సుగ్గికి పోయేలోపు మేనమామకిచ్చి పెండ్లి చేసేయాలని చూస్తున్నారు. ఆ పిల్లకు ఏం చేయాలి? ఊళ్లో ఇలాంటి వాళ్లు ఇంకా ఉండొచ్చు, కానీ ఎవర్ని అడిగినా ఏమీ లేదక్కా అంటారు. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ పిల్ల సంగతి. మిగతా ఊరి సంగతి రెండు రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు.

పది రోజుల ముట్టు, దానికి తోడు కళ్లు తిరిగి పడిపోవడం అంటే దిష్టి లెక్క కాదు. రక్తం పోతోంది, పోయినంత మళ్లీ తయారు కావడం లేదు. ఈ వారంలోనే మీ విలేజ్ హెల్త్ క్లినిక్‌లో హిమోగ్లోబిన్ చూపించండి. ఆ వయసు ఆడపిల్లకు 12 ఉండాలి. 8 నుంచి 11 మధ్యలో ఉంటే ఐరన్ మాత్రలతో పైకి తేవచ్చు, అయినా ఇంత రక్తం ఎందుకు పోతోందో డాక్టర్ చూడాల్సిందే. 8 కన్నా తక్కువ వస్తే మాత్రలిచ్చి ఇంటికి పంపే కేసు కాదు, నేరుగా ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తస్రావం జోరుగా ఉండి పిల్ల లేచి నిలబడలేకపోతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా అంకె కోసం కూడా చూడొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఇలా ఎందుకవుతుందంటే, పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్లు చాలామంది పిల్లలకు ప్రతి నెలా అండం విడుదల కాదు. దాంతో గర్భసంచి లోపలి పొర పెరుగుతూ పెరుగుతూ పోయి ఒకేసారి ఊడుతుంది, అందుకే రెండు నెలలు రాకపోవడం, వస్తే పదేసి రోజులు ఆగకపోవడం. ఎక్కువమందికి కారణం ఇదే, వయసుతో సర్దుకుంటుంది కూడా. కానీ సర్దుకునేదాకా ఊరుకుంటే ఈలోపు ఒంట్లో రక్తం ఖాళీ అవుతుంది.

ఇంకో కారణం ఉంది, దీన్ని మనవాళ్లు తరచూ వదిలేస్తారు. కొందరికి పుట్టుకతోనే రక్తం గడ్డకట్టే గుణం తక్కువ. మొదటి ముట్టు నుంచే ఎక్కువగా పోయిందా, ముక్కులోంచి ఊరికే రక్తం కారుతుందా, పళ్లు ఊడినప్పుడు గంటలకొద్దీ ఆగలేదా, కొడవలి తగిలితే తొందరగా కట్టదా, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నీలం మచ్చలు లేస్తాయా? తల్లిని కూడా అడగండి, కాన్పుల్లో ఆమెకు ఎక్కువ పోయిందా అని. ఇందులో ఒక్కదానికి అవునన్నా చీటీలో రాసి డాక్టర్ చేతికివ్వండి. ఈ జబ్బుల్లో కొన్ని మేనరికాల ఇళ్లలో ఎక్కువ కనిపిస్తాయి. ఆ పిల్ల తల్లిదండ్రులదీ మేనరికమేనా అని మీరు రాయలేదు, అది కూడా కనుక్కోండి.

ఆసుపత్రిలో రక్తపరీక్షలు, థైరాయిడ్, పొట్ట మీదనుంచి స్కానింగ్ చేస్తారు. మూత్రంలో గర్భం పరీక్ష కూడా చేస్తారు, ఈ వయసులో ఆగకుండా రక్తం పోతోందంటే ఎవరికైనా చేస్తారు, అందులో ఆ పిల్లను అనుమానించడమేమీ లేదని తల్లికి ముందే చెప్పి తీసుకెళ్లండి. పెండ్లికాని పిల్లకు మామూలుగా లోపలి పరీక్ష చేయరని కూడా చెప్పండి, చాలామంది తల్లులు ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోయేది ఆ భయంతోనే. రక్తం తగ్గడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు గానీ, కొన్ని నెలలు హార్మోన్ మాత్రలు గానీ రాయొచ్చు. హార్మోన్ మాత్రలంటే రేపు పిల్లలు పుట్టరు అని పక్కింటామె ఎవరో అంటుంది చూడండి, తప్పకుండా అంటుంది, అది నిజం కాదు. ఇవేవీ మెడికల్ షాపులో చెప్పి కొనేవి కావు. నొప్పికి ఆస్పిరిన్ మాత్రం ఇవ్వొద్దు, రక్తం ఇంకా పోతుంది.

ఐరన్ మాత్రలు రాస్తే మూడు నెలలు తగ్గకుండా వాడాలి. వారం మింగి కళ్లు తిరగడం తగ్గిందని మానేస్తారు, అక్కడే తప్పుతుంది. అన్నం తిన్నాక వేసుకోమనండి, పక్కన నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే మంచిది, టీ మాత్రం మాత్రకు గంట ముందు, గంట తర్వాత వద్దు. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు. ఇక పెద్దమనిషి అయిన పిల్లకు మన ఇళ్లలో నువ్వులు, బెల్లం దంచి పెట్టే చిమ్మిలి బ్రహ్మాండమైన తిండే, కానీ అదొక్కటే 8ని 12 చేయలేదు. పచ్చిగుడ్డు నూనెలో కొట్టి తాగించడం మాత్రం ఆపించండి, ఉడికించి పెడితే అదే బలం, కడుపు చెడదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. "ఏమైనా సమస్య ఉందా అమ్మా?" అని అడిగితే ఏ ఆడపిల్లా ఉందని చెప్పదు. సమస్య అంటే ఏంటో తనకు తెలియాలి కదా! తల్లికి, అక్కకు, పక్కింటి పిల్లకు అందరికీ పది రోజులే అయితే పది రోజులు మామూలే అనుకుంటుంది. అందుకే లెక్కలు అడగండి. ఎన్నో రోజున ఆగింది? రోజుకు ఎన్ని గుడ్డలు, ఎన్ని ప్యాడ్లు? గంటకో రెండు గంటలకో తడిసిపోతుందా? రాత్రి మధ్యలో లేచి మార్చుకోవాలా? రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడతాయా? ఏడు రోజులు దాటినా, రెండు గంటలకోసారి తడిసినా, ఆ గడ్డలు కనపడినా పేరు రాసుకోండి. ఒక ముట్టు మొదటి రోజు నుంచి వచ్చే ముట్టు మొదటి రోజుదాకా ఈ వయసులో 21 నుంచి 45 రోజులు ఉండొచ్చు, కాబట్టి ఐదారు రోజులు అటూఇటూ అయిందని ఎవరినీ బెదరగొట్టొద్దు. పదిహేనేళ్లు నిండినా ఇంకా పెద్దమనిషి కాని పిల్ల ఉంటే ఆ పేరు కూడా రాయండి, ఆ ఇళ్లవాళ్లు దాన్ని దాచిపెడతారు.

తల్లి పక్కన ఉండగా ఇవి అడగొద్దు. బోరింగు దగ్గరో, బట్టలు ఉతికేచోటో, మీ పక్కన ఇంకో పెద్దావిడ లేకుండా చూసి అడగండి.

గుడ్డ ఎక్కడ ఆరేస్తావు అని కూడా అడగండి. చీర కింద దాచి ఆరేస్తున్నా, తడిగుడ్డే మళ్లీ కట్టుకుంటున్నా తొడలు ఒరుసుకుపోవడం, దురద, వాసన, ఒక్కోసారి మూత్రంలో మంట వస్తాయి. గుడ్డ వాడటం తప్పు కాదు, సబ్బుతో ఉతికి ఎండలో ఆరితే చాలు. ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి ఆడపిల్లలకు నెలకు 10 ప్యాడ్లు ఇవ్వడం మన రాష్ట్రంలో 2021లో మొదలైంది, జన్ ఔషధి షాపుల్లో ప్యాడ్ రూపాయికి దొరుకుతుంది. కానీ సుగ్గికి పోయిన పిల్లకు బడీ లేదు, షాపూ లేదు. ఒకసారి ఇలాంటి ఊళ్లోనే క్యాంపు పెడితే ఒక పిల్ల చెప్పింది, మిరపచేలో పొద్దుగూకేదాకా గుడ్డ మార్చుకోదట. ఎందుకమ్మా అంటే రెండు చేతులూ ముందుకు చాపి చూపించింది, వేళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మిరపకాయ కోసిన చేత్తో అక్కడ ముట్టుకుంటే మంట భరించలేం మేడం, కడుక్కోవడానికి తాగేనీళ్లు తప్ప లేవు అంది. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. మీ ఊళ్లో సుగ్గికి పోయొచ్చిన ప్రతి పిల్లనూ ఇది అడగండి.

ఇక గుడ్డు ప్రశ్న. ఇంట్లో ఒక్క గుడ్డే ఉంటే ఎవరికి పెడతారు? అందరికన్నా ఆఖర్న అన్నం తినేదెవరు? ముట్టులో ఉన్నప్పుడు ఏమేం తినొద్దంటారు, ఎక్కడ పడుకోబెడతారు? నీళ్లు మోసేదెవరు, చెల్లినీ తమ్ముడినీ చూసుకోవడానికి బడి మానేదెవరు? ఇవి డాక్టర్ అడగాల్సిన ప్రశ్నలేనా అనుకోవద్దు. రక్తం పోయే పిల్లకే తిండి తక్కువ, పని ఎక్కువ అయితే నేను రాసే మాత్ర ఏం చేస్తుంది చెప్పండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి రక్తహీనత ఉంది. బడిలో ఉన్నంతకాలం మధ్యాహ్న భోజనంలో గుడ్డు, వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర, ఆరు నెలలకోసారి నులిపురుగుల మాత్ర అందుతాయి. సుగ్గి బండి ఎక్కిన రోజు నుంచి మూడూ బంద్. పోయే ముందు ప్రతి పిల్ల చేతిలో ఎన్ని వారాలకు అన్ని నీలం మాత్రలు లెక్కపెట్టి పెట్టండి, మీ నర్సు ఏఎన్ఎంతో మాట్లాడితే కుదురుతుంది.

అన్నట్టు, మగపిల్లల గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. నీలం మాత్ర వాళ్లకూ ఉంది. స్వప్నస్ఖలనం అయితే నరాల బలహీనత వచ్చిందని భయపడి, బస్టాండు గోడల మీద పోస్టర్లు చూసి వేలకు వేలు తగలేసుకున్న పిల్లలు నా దగ్గరకు కూడా వచ్చారు. అది ఆ వయసులో మామూలు విషయమని చెప్పే మగమనిషి ఒక్కడు లేడు ఊళ్లో. ఆ పని మీతో కాదు, మీ మేల్ హెల్త్ అసిస్టెంటునో, బడిలో పిల్లలు భయపడని సారునో అడగండి. చెల్లెలి ముట్టు అంటే ఏంటో కూడా అదే క్లాసులో చెప్పమనండి. నల్లకవర్లో ఏముంది అని ఆటపట్టించే అన్న ఇంట్లో ఉంటే ఆ పిల్ల గుడ్డను ఎండలో ఎలా ఆరేస్తుంది?

పెండ్లి మాట. చట్టం సంగతి మీకు తెలిసిందే, 2006 చట్టం ప్రకారం ఆడపిల్లకు 18, మగపిల్లాడికి 21 నిండాలి. అయినా అదే సర్వే లెక్కల్లో మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 లోపే పెండ్లయిపోయింది, 15-19 ఏళ్ల పిల్లల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులు, లేదా కడుపుతో ఉన్నారు. ఆ తల్లిదండ్రులు దుర్మార్గులని నేను అనను. ఎదిగిన పిల్లను ముసలమ్మ దగ్గర వదిలి నెలలు నెలలు ఎట్లా పోతాం, చేనులో గుడిసెలో ఎట్లా పడుకోబెడతాం అన్నది వాళ్ల టెన్షన్. దానికి జవాబు చూపించకుండా చట్టం గురించి చెప్తే వినరు. మీ జిల్లాలో వలస పోయేవాళ్ల పిల్లల కోసం బడుల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు, ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఉన్నాయి. హెడ్‌మాస్టర్‌ను పట్టుకుని సుగ్గి మొదలవ్వక ముందే ఆ పిల్లకు ఒక చోటు మాట్లాడి, ఆ తర్వాతే తల్లి దగ్గర పెండ్లి మాట ఎత్తండి.

ఎత్తేటప్పుడు హిమోగ్లోబిన్ చీటీ చేతిలో పట్టుకెళ్లండి. ఇదిగో అమ్మా ఈ పిల్ల రక్తం, ఏడాది తిరక్కుండా కడుపొస్తే కాన్పులో మామూలుగానే అర లీటరుదాకా పోతుంది, బాగున్న పిల్ల తట్టుకుంటుంది, ఇది తట్టుకోదు అని చెప్పండి. పదహారేళ్లకు కటి ఎముక పూర్తిగా ఎదగదు, బీపీ పెరిగి ఫిట్స్ రావడం, నెలలు నిండకుండా పుట్టడం, బిడ్డ బరువు తక్కువ ఉండటం ఈ వయసులో ఎక్కువ. మేనమామతో కూడా మాట్లాడండి, అతను కుర్రాడే అయ్యుంటాడు, మూడేళ్లు ఆగమని అతన్ని విడిగా అడిగినవాళ్లు ఇప్పటిదాకా ఉండరు. ఎవరూ వినకుండా ముహూర్తం పెట్టుకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఫోన్ చేసిందెవరో బయటికి చెప్పరు. ఊళ్లో మొహం చెల్లదని మీ భయం నాకు అర్థమవుతుంది, అందుకే ఆ ఫోన్ ఒక్కరే చేయకుండా అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌కు కూడా చెప్పి చేయండి.

ఒకవేళ గర్భం పరీక్షలో ఉన్నట్టు వస్తే, ఆ ఇంటివాళ్లు మెడికల్ షాపు మాత్రల కోసం పరిగెత్తకుండా ఆపండి. రక్తం ఇప్పటికే తక్కువున్న పిల్లకు అది ప్రాణం మీదకొస్తుంది. 18 లోపు పిల్లకు 24 వారాలదాకా ప్రభుత్వ ఆసుపత్రిలో చట్టప్రకారం గర్భస్రావం చేయించుకునే వీలుంది. పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద డాక్టర్ పోలీసులకు చెప్పాల్సి ఉంటుంది, కానీ పిల్లా, తల్లిదండ్రులూ కోరితే పేరు బయటపెట్టనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి తెలిస్తే భయపడి ఇంట్లోనే దాచేవాళ్లు కాస్త తగ్గుతారు.

హిమోగ్లోబిన్ ఎంత వచ్చిందో ఇదే చిరునామాకు రాయండి. చీటీ ఫోటో పెట్టేటప్పుడు పిల్ల పేరు, ఊరు పేరు కొట్టేసి పంపండి.