ఏపీఎల్‌లో బ్రాకెట్లు పోవడానికి కారణం ప్రింటర్

ఏపీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన (10-4)-3 ని మీ ప్రోగ్రామ్ చదివి తిరిగి 10-4-3 అని చూపిస్తోందని, దాన్ని రన్ చేస్తే 3 బదులు 9 వస్తోందని రాశారు. మీ పార్సర్ (కోడ్‌ని చదివి దాని నిర్మాణాన్ని గుర్తించే భాగం) సరిగ్గానే ఉందండీ. ఆ నిర్మాణాన్ని చూపే ట్రీ కరెక్టుగా కట్టింది, తేడా అంతా ప్రింటర్‌లోనే, అంటే ట్రీని తిరిగి కోడ్‌గా రాసే భాగంలోనే.

బ్రాకెట్లు ఎక్కడ తీసేయొచ్చో మీరు మామూలు లెక్కల పద్ధతిలో నిర్ణయిస్తున్నారు. ఏపీఎల్‌లో ఫంక్షన్ల (+, -, × లాంటివి) మధ్య ప్రాధాన్యం తేడాలే లేవు. ప్రతి ఫంక్షనూ తన కుడివైపున్న మొత్తాన్ని తీసుకుంటుంది, అందుకే 2×3+4 విలువ 14. కాబట్టి కుడి ఆర్గ్యుమెంట్‌కి (ఫంక్షన్ తీసుకునే కుడివైపు విలువకి) బ్రాకెట్లు ఎప్పుడూ అక్కర్లేదు. ఎడమ ఆర్గ్యుమెంట్‌లో ఫంక్షన్ కాల్, అంటే మరో లెక్క, ఉంటే మాత్రం తప్పనిసరి. ఒకే ఆర్గ్యుమెంట్ ఉన్న కాల్ అయినా అంతే: (-3)+4 అంటే 1, బ్రాకెట్లు తీస్తే ¯7 (ఏపీఎల్‌లో రుణ సంఖ్యకి ముందు ఈ పైగీత ¯ పెడతారు).

1 2 3 లాంటి వెక్టర్ (సంఖ్యల వరస) ఎడమవైపు ఉంటే అలాగే వదిలేయండి. కానీ వెక్టర్ మధ్యలో లెక్క ఉంటే, 1 (2+3) 4 లాగా, బ్రాకెట్లు ఉండాల్సిందే.

రుణ సంఖ్యల్ని మైనస్ గుర్తుతో ప్రింట్ చేయకండి, ఇది చాలామంది పట్టించుకోరు. 5 ¯3 రెండు అంకెల వెక్టర్, 5 -3 అయితే తీసివేత.

మార్చాక, ప్రింట్ అయినదాన్ని మళ్లీ పార్స్ చేసి రెండు ట్రీలూ పోల్చే టెస్టు ఒకటి పెట్టండి.