కొనే ముందు సైకిల్ ఎంతసేపు తొక్కి చూడాలి?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది: "కాలేజీకి రానూపోనూ పది కిలోమీటర్లు. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. గేర్ల సైకిల్ ఒకటి నచ్చింది. షాపు ముందే ఒక రౌండు తొక్కి చూసుకోమంటున్నారు. అంతే సరిపోతుందా? తొక్కేటప్పుడు ఏమేం చూసుకోవాలి?"

సరిపోదమ్మా. కనీసం అరగంట తొక్కాలి. అది కూడా మీరు రోజూ వెళ్లే లాంటి రోడ్డు మీద, భుజాన కాలేజీ బ్యాగు వేసుకుని. నేనూ రాయగడవాణ్నే. జేకే పూర్ వైపు డ్యూటీకి ఏళ్లుగా సైకిల్ మీదే వెళ్లొస్తున్నాను. మా మేనకోడలికి, మా వీధిలో ఇంకొందరికి సైకిల్ కొనేటప్పుడు తోడు వెళ్లాను. చూసినవి, తొక్కినవి గుర్తుపెట్టుకుని చెబుతున్నాను.

మొదటి అయిదు నిమిషాల్లో ఏ కొత్త సైకిలైనా హాయిగానే ఉంటుంది. బేరింగులు కొత్తవి, చైనుకు నూనె ఉంటుంది, మనకా కొత్త వస్తువన్న ఉత్సాహం. అరచేతులు తిమ్మిరెక్కడం, మెడ పట్టేయడం, మోకాలు లాగడం లాంటివి పావుగంట దాటాకే బయటపడతాయి. ఒకసారి నేను చూసిన మోడల్ ఒకటి షాపు వీధిలో చాలా బాగా నడిచింది. మజ్జిగౌరమ్మ గుడి దాకా వెళ్లి వెనక్కి తిరిగేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారిపోయాయి. హ్యాండిల్ నాకు దూరంగా ఉండటంతో ఒంటి బరువు సగం చేతుల మీదే పడింది. దాన్ని వదిలేశాను.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఫ్రేమ్ సైజు, అంటే సైకిల్ గొట్టాల చట్రం సైజు. సీటు నచ్చకపోతే మార్చుకోవచ్చు. టైర్లు, పెడళ్లు, బ్రేకులు, ఆఖరికి హ్యాండిల్ కూడా మార్చుకోవచ్చు. ఫ్రేమ్ మాత్రం కొన్నది కొన్నట్టే ఉంటుంది. షాపుల్లో 26, 27.5, 29 అని చెప్పేది అంగుళాల్లో చక్రం సైజు. చాలామంది దాన్నే సైకిల్ సైజు అనుకుని, ఎత్తుగా ఉన్నవాళ్లకు 29, పొట్టివాళ్లకు 26 అని తేల్చేస్తారు. ఒకే చక్రం సైజులో చిన్న ఫ్రేమ్ ఉండొచ్చు, పెద్ద ఫ్రేమూ ఉండొచ్చు. తక్కువ ధర మోడళ్లు చాలావరకు ఒకే ఫ్రేమ్ సైజులో వస్తాయి, అది మన ఒంటికి కుదిరితే కుదిరినట్టు. అందుకే "ఫ్రేమ్ ఎంత?" అని విడిగా అడగండి. ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా మన ఊరి షాపుల్లో అర్థమవుతుంది, అడగడానికి మొహమాటపడకండి.

షాపుకి వెళ్లే ముందు ఇంట్లో ఒక కొలత తీసుకోండి. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, లావుపాటి పుస్తకం ఒకటి కాళ్ల మధ్య సీటులాగా పైకి గట్టిగా ఆనించి, దాని పై అంచు గోడకు తాకే చోట పెన్సిల్ గీత పెట్టమని ఎవరికైనా చెప్పండి. నేల నుంచి ఆ గీత దాకా ఉన్నది మీ కాలి లోపలి కొలత. దాన్ని 0.883తో గుణిస్తే, రెండు పెడళ్ల కడ్డీలూ కలిసి తిరిగే నడిమి ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు దాదాపుగా వస్తుంది. మీ కొలత 74 సెంటీమీటర్లు అనుకుంటే సీటు ఎత్తు 65 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. టేపు జేబులో వేసుకుని వెళ్లండి.

షాపులో మెకానిక్‌తో సీటు మీ ఎత్తుకి పెట్టించుకున్నాకే ఎక్కండి. ఎవరికో పెట్టిన సీటు మీద అరగంట కాదు కదా, రోజంతా తొక్కినా మీకేమీ తెలియదు. కొలతతో పెట్టించాక ఇలా సరిచూసుకోండి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్ పూర్తిగా కిందికి దించి మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా రావాలి. తర్వాత పాదం ముందు భాగంతో పెడల్ తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే కావలసింది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది. మరీ పైకి ఉంటే నడుము అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనక నరం లాగుతుంది. సీటు కింద గొట్టం మీద ఒక గీత చెక్కి ఉంటుంది. మీ ఎత్తుకి సీటు లేపినప్పుడు ఆ గీత బయటికి కనిపించిందంటే ఆ ఫ్రేమ్ మీకు చిన్నదన్నమాట. అలాగే సైకిల్ మీద నుంచి దిగి, రెండు కాళ్లూ నేల మీద పెట్టి, పై గొట్టానికి అటూ ఇటూ నిలబడండి. గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. సడన్‌గా దిగాల్సి వచ్చినప్పుడు ఆ ఖాళీయే కాపాడుతుంది.

మా మేనకోడలిది కూడా ఇంచుమించు మీ ఎత్తే. తనకి 29 చక్రాల సైకిల్ చూడగానే నచ్చేసింది. సీటు సరిచేయించి ఎక్కించాం, నేరుగా వెళ్లినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. సందు చివర మెల్లగా మలుపు తిప్పేసరికి, ముందుకు వచ్చిన పాదం బొటనవేలు ముందు టైరుకి రాసుకుంది. చెప్పు అంచు మీద నల్లటి చార పడింది. అదే మలుపు ట్రాఫిక్‌లో, ఆటోల మధ్య తిప్పితే పడిపోవడం ఖాయం. చిన్న ఫ్రేమ్‌కి పెద్ద చక్రాలు పెట్టిన వాటిలో ఇది ఎక్కువ. కాబట్టి మెల్లగా, ఎడమకీ కుడికీ ఇరుకైన మలుపులు తప్పకుండా తిప్పి చూడండి. తను చివరికి 26 చక్రాలు, చిన్న ఫ్రేమ్ ఉన్నది తీసుకుంది. ఇప్పటికీ దాని మీదే తిరుగుతోంది.

బయల్దేరే ముందు టైర్లలో గాలి పట్టించండి. షాపులో నెలల తరబడి నిలబడ్డ సైకిల్‌కి గాలి తగ్గిపోయి ఉంటుంది, అలా తొక్కితే మంచి సైకిల్ కూడా బరువుగా అనిపిస్తుంది. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది.

ఇక గేర్లు. మనది కొండల మధ్య ఊరు కాబట్టి వీటిని చదును రోడ్డు మీద మారిస్తే ఏమీ తేలదు. మీ దారిలో ఏ ఎత్తు ఉందో అలాంటి ఎత్తు ఎక్కుతూ ఒక్కో గేరూ మార్చండి. కాలి బలం పడినప్పుడు చైను టక్కుమని జారినా, మార్చిన రెండు మూడు క్షణాలకు గానీ గేరు పడకపోయినా మెకానిక్‌తో గేరు తీగ (కేబుల్) సరిచేయించి మళ్లీ అదే ఎత్తు ఎక్కి చూడండి. సర్దినా జారుతుంటే ఆ సైకిల్ వద్దు. అన్నిటికన్నా తేలిక గేరులో కూడా ఆ ఎత్తు మీద ఆయాసం వచ్చి దిగాల్సి వస్తే, అది మీ శక్తి లోపం అనుకోకండి. సైకిల్ బరువు చూడండి. ముందు స్ప్రింగులున్న చవక మోడళ్లు చూడ్డానికి గట్టిగా ఉంటాయి కానీ ఆ స్ప్రింగులు బరువు పెంచుతాయి, ఎత్తులో మనం తొక్కే బలాన్ని కొంత మింగేస్తాయి. రోజూ పది కిలోమీటర్ల తారు రోడ్డుకి స్ప్రింగులు లేని ముందు ఫోర్కే (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీలు) నయమని నా అభిప్రాయం.

ఎత్తు నుంచి కిందికి వచ్చేటప్పుడు బ్రేకులు. ఏ లివరు ఏ చక్రానిదో ముందే తెలుసుకోండి. లివరు పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కి తాకకూడదు. డిస్క్ బ్రేకులైతే కొత్తలో కాస్త మెత్తగా పడతాయి, పదిసార్లు ఆపితే గానీ అసలు పట్టు రాదు. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. వానాకాలంలో రిమ్ముని పట్టే బ్రేకులు తడికి జారతాయి. జూన్ నుంచి మన దగ్గర తడవని రోజులు తక్కువ కాబట్టి డబ్బు సరిపోతే డిస్కే తీసుకోండి. కానీ దాన్ని సర్దడం వచ్చిన మెకానిక్ దగ్గర్లో ఉన్నాడో లేదో కనుక్కోండి.

తొక్కి వచ్చాక నిలబెట్టి చూసేవి కొన్ని ఉన్నాయి, రెండు నిమిషాల పని. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ దగ్గర టకటకమనకూడదు. పెడల్ క్రాంకుని, అంటే పెడల్ బిగించిన కడ్డీని పట్టుకుని పక్కకి లాగితే కదలకూడదు. చక్రం ఎత్తి తిప్పుతూ రిమ్ము పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకోండి. ఒక్క చోటే సుద్ద అంటితే అక్కడ బెండు ఉన్నట్టు. చువ్వలు బిగిస్తే అది పోతుంది, కొనే ముందే తీయించుకోండి.

చున్నీ వేసుకుని వెళ్లేవాళ్లయితే చున్నీతోనే తొక్కి చూడండి. చైను కవరు లేని మోడల్‌కి చున్నీ, ప్యాంటు అంచు రెండూ చిక్కుకునే ప్రమాదం ఉంది. వెనక క్యారియర్, మడ్‌గార్డులు బిగించడానికి ఫ్రేమ్‌కి రంధ్రాలున్నాయో లేవో కూడా చూడండి. బ్యాగు భుజం మీద కంటే క్యారియర్ మీద ఉంటే వీపుకి చెమట పట్టదు.

షాపువాళ్లు అరగంట ఇస్తారా అని మీ అనుమానం అయ్యుండొచ్చు. అడిగే తీరు బట్టి ఇస్తారు. షాపు తీయగానే, రద్దీ లేనప్పుడు వెళ్లండి. కొంత అడ్వాన్సు కట్టి రసీదు తీసుకోండి, లేదా మీతో వచ్చినవాళ్లను షాపులోనే కూర్చోబెట్టండి. దసరా ముందు, విశ్వకర్మ పూజ సమయంలో వద్దు. పూజ రోజు పనిముట్లు ముట్టుకోరు, సీటు ఎత్తించడం కూడా కుదరదు. ఎంత అడిగినా ఒప్పుకోకపోతే అదే మోడల్ ఉన్నవాళ్లను వెతికి, వాళ్లది అడిగి తొక్కండి. పార్వతీపురంలోనో విజయనగరంలోనో రెండు మూడు వందలు తక్కువకి వస్తుందని వెళ్లేవాళ్లు ఉన్నారు. వెళ్లి చూడటంలో తప్పు లేదు, మోడళ్లు ఎక్కువ ఉంటాయి. కానీ గేరు తీగ సర్దించుకోవడానికి మళ్లీ రైలెక్కి వెళ్లలేరు కదా. ఆన్‌లైన్‌లో అయితే తొక్కి చూసే వీలే లేదు, పైగా సైకిల్ సగం విడిభాగాలుగా పెట్టెలో వస్తుంది, బిగించుకోవడం మన బాధ్యత. మొదటి సైకిల్‌కి అది నేను చెప్పను.

ఇంకొక్కటి. కొత్త తీగలు నెల తిరిగేసరికి సాగుతాయి, చువ్వలు కూడా కొంత వదులవుతాయి. ఆ మొదటి సర్వీసు ఉచితమేనా అని డబ్బు కట్టే ముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి.