మూన్‌స్టోన్‌ను కదిపి చూశాకే కొనండి

మన హైదరాబాద్‌కి ముత్యాల నగరమనే పేరు. అయినా ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ముత్యం గురించి అడిగినవాళ్ళు తక్కువ, మూన్‌స్టోన్ గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. అందుకని ఈసారి పేజీ మొత్తం ఆ రాయికే ఇచ్చేశాను.

మా అమ్మాయి జూన్‌లో పుట్టింది. పద్దెనిమిదో పుట్టినరోజుకి మూన్‌స్టోన్ లాకెట్ కొందామని ఫోన్‌లో వెతికితే రెయిన్‌బో మూన్‌స్టోన్ అని తక్కువ ధరలో బోలెడు కనిపిస్తున్నాయి. మామూలు మూన్‌స్టోన్ కన్నా వీటిలోనే రంగులు బాగున్నాయి. ఇవి అసలువేనా మేడమ్?
– ఒక తల్లి, మలక్‌పేట

అసలు రాళ్ళేనండీ, కానీ అసలు మూన్‌స్టోన్ కాదు. రెయిన్‌బో మూన్‌స్టోన్ పేరుతో అమ్మేది లాబ్రడొరైట్ అనే ఇంకో రాయి. రెండూ ఫెల్డ్‌స్పార్ అనే ఒకే కుటుంబానివి కాబట్టి బజార్లో ఆ పేరు నిలబడిపోయింది. అది చెడ్డ రాయేమీ కాదు, అందంగానే ఉంటుంది, అమ్మాయికి నచ్చితే నిరభ్యంతరంగా కొనండి. కాకపోతే దాని ధర దానికే ఇవ్వండి, మూన్‌స్టోన్ ధర ఇవ్వకండి.

అసలు మూన్‌స్టోన్ ఎలా తయారవుతుందో తెలిస్తే కొనేటప్పుడు ఏం చూడాలో మీకే అర్థమవుతుంది. భూమి లోపలి వేడిలో కలిసిపోయి ఉన్న రెండు రకాల ఫెల్డ్‌స్పార్, ఆర్థోక్లేజ్ అనేది ఒకటి, ఆల్బైట్ అనేది ఇంకొకటి, చాలా నెమ్మదిగా చల్లారేటప్పుడు విడిపోయి ఒకదాని మీద ఒకటి పొరలుగా పేరుకుంటాయి. పూతరేకు మడతల్ని గుర్తు తెచ్చుకోండి, అలాంటి పొరలే, కాకపోతే కంటికి కనపడనంత పల్చన. వెలుతురు ఆ పొరల్లోకి వెళ్ళి చెదిరి బయటికొస్తుంది. పొరలు బాగా పల్చగా ఉంటే నీలం మెరుపు, మందంగా ఉంటే తెల్లటి మెరుపు. స్విట్జర్లాండ్‌లోని ఆడ్యులా కొండల పేరు మీదుగా ఈ మెరుపుని ఆడ్యులరెసెన్స్ అంటారు. షాపులో మాత్రం షీన్ అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది.

గాజులా తేటగా ఉండి, లోపల నీలం తేలుతుంటే దానికి ధర ఎక్కువ. శ్రీలంకలో మీటియాగొడ అనే ఊరి గనులు అలాంటి రాళ్ళకి ప్రసిద్ధి. మన దేశపు రాళ్ళు చాలావరకు బూడిద, పీచ్, లేత గోధుమ రంగుల్లో ఉంటాయి. తమిళనాడులో కాంగేయం వైపు దొరుకుతాయి. వీటి ధర అందుబాటులోనే ఉంటుంది, చామనఛాయ చేతికి పీచ్ రంగు రాయి వెండిలో ఎంత బాగుంటుందో పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

ఫొటో చూసి మాత్రం కొనకండి, ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ రాయి అందమంతా కదలికలోనే ఉంది. మొన్నామధ్య పత్తర్‌గట్టిలో ఒక వ్యాపారి కాగితం పొట్లం విప్పి నా ముందు పన్నెండు రాళ్ళు పోశారు. అన్నీ కందిగింజ కన్నా కాస్త పెద్దవి, గుబ్బగా సాన పట్టినవి. షాపు లైట్ల కింద పన్నెండూ మెరుస్తున్నాయి. ఆయన్ని అడిగి వాటిని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, అరచేతిలో ఒక్కొక్కటే పెట్టుకుని అటూ ఇటూ వంచి చూశాను. నాలుగింటిలో మెరుపు ఒక పక్కకే అంటుకుపోయి ఉంది, చెయ్యి వంచితే ఆరిపోతోంది. ఐదింటిలో మసక తెలుపు. మూడింటిలో మాత్రం గుబ్బ నడినెత్తిన నీలం వెలుగు కూర్చుని, చెయ్యి వంచినకొద్దీ నీళ్ళలో చంద్రుడిలా జారుతోంది. ఆ మూడూ ఏరుకున్నాను. మీరూ అలాగే చూడండి. ఆన్‌లైన్‌లో కొనక తప్పకపోతే పగటి వెలుతురులో రాయిని తిప్పుతూ తీసిన వీడియో అడగండి, వాపసు తీసుకుంటారో లేదో ముందే తేల్చుకోండి.

జూన్ సంగతి కూడా చెప్తాను. ఏ నెలలో పుట్టినవాళ్ళకి ఏ రాయి అని 1912లో అమెరికా నగల వ్యాపారులు వేసుకున్న పట్టికలో జూన్‌కి ముత్యంతోపాటు మూన్‌స్టోన్ కూడా ఉంది. మనకి నెల లెక్క లేదు, రాశి, నక్షత్రాలే కదా. అయినా పద్దెనిమిదేళ్ళ పిల్లకి అమ్మ ఏరి తెచ్చిన రాయి అంటే ఆ సంతోషమే వేరు, కొనండి.

మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. జాతకంలో చంద్రుడు నీచలో ఉన్నాడని, మంచి ముత్యం కొనలేకపోతే మూన్‌స్టోన్ ఉంగరం వెండిలో చేయించి సోమవారం పెట్టించమని చెప్పారు. వాడికి పరీక్షల టెన్షన్, రాత్రిళ్ళు నిద్ర లేదు. పెట్టిస్తే తగ్గుతుందా?
– కూకట్‌పల్లి నుంచి ఒక తండ్రి

నవరత్నాల్లో చంద్రుడికి ముత్యం, దానికి బదులుగా మూన్‌స్టోన్ పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న ఆచారమే. చంద్రుడు మనస్సుకి కారకుడని జ్యోతిషం చెబుతుంది, అందుకే నిద్ర, కలత అనగానే ఈ రాయి గుర్తొస్తుంది. మూన్‌స్టోన్‌నే మనవాళ్ళు చంద్రకాంతం అంటారు. మన పాత కావ్యాల్లో చంద్రకాంత శిలలుంటాయి, వెన్నెల తగిలితే చాలు చెమర్చి నీటి బొట్లు రాలుస్తాయి. సూర్యకాంతం ఎండకి నిప్పు పుట్టిస్తే చంద్రకాంతం వెన్నెలకి కరుగుతుంది. సాయంత్రం పూట విచ్చుకునే చంద్రకాంత పువ్వు మనలో చాలామంది పెరళ్ళలో ఉండేది, అదీ ఆ పేరుదే. ఈ ఊహలంటే నాకు ప్రాణం.

కానీ మీ అబ్బాయి నిద్ర సంగతి వేరు సార్. మీ నమ్మకం కొద్దీ ఉంగరం పెట్టించండి, నేను వద్దనను. దాంతో సరిపెట్టకండి. నిద్ర లేని పిల్లాడిని డాక్టర్‌కి చూపించాలి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్ళు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే మాట్లాడతారు. ముందు ఆ ఫోన్ చేయండి, ఉంగరం తర్వాత చూసుకోవచ్చు. రాయి బరువు ఇన్ని రత్తీలు (రాళ్ళు తూచే పాత కొలత) ఉండి తీరాలని ఎవరైనా భయపెట్టి పెద్ద ధర చెబితే మాత్రం ఒప్పుకోకండి. రత్తీ లెక్క అన్ని చోట్లా ఒకేలా ఉండదు, బిల్లులో బరువు క్యారెట్లలో రాయించుకోండి. రాళ్ళకి ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు.

ఎనిమిది నెలల కింద కొన్న మూన్‌స్టోన్ ఉంగరం రాయి రెండు ముక్కలైంది. షాపులో మీరే ఎక్కడో కొట్టుకుని ఉంటారంటున్నారు. నాకైతే కొట్టుకున్నట్టే గుర్తులేదు. నాసిరకం అంటగట్టారా?
– ఒక ఉద్యోగిని, సికింద్రాబాద్

అంటగట్టారని చూడకుండా చెప్పలేనమ్మా, మంచి రాయి అయినా అలా చీలుతుంది. కట్టెని దాని నార వెంట కొడితే తేలిగ్గా చీలినట్టు, మూన్‌స్టోన్‌కి లోపల రెండు చీలిక దారులుంటాయి, దాదాపు లంబకోణంలో. సరిగ్గా ఆ దారి మీద దెబ్బ తగిలితే చిన్నదైనా చాలు. నాదీ ఇలాగే పోయింది. బిందె కడుగుతుంటే ఉంగరం కుళాయికి తగిలింది, టక్కుమని చిన్న చప్పుడు, అంతే. చూస్తే రాయి మధ్యలో కత్తితో గీసినట్టు తిన్నగా ఒక గీత. రెండు రోజులకి సగం ముక్క ఊడిపోయింది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో దీనికి 6 నుంచి 6.5, వజ్రానికి 10. ఇంట్లో దుమ్ములో ఉండే ఇసుక రేణువు 7, అంటే పొడి గుడ్డతో గట్టిగా తుడిచినా గీతలు పడతాయి. షాపు వాళ్ళ తప్పు నా దృష్టిలో ఒకటే, రోజూ పెట్టుకునే ఉంగరానికి ఇది సున్నితమైన రాయి అని అమ్మేటప్పుడే చెప్పాలి. ఇంకో రాయి వేయించుకుంటే చుట్టూ వెండి అంచు వంచి బిగించే కట్టు అడగండి, నాలుగు కొక్కేల మీద నిలబెట్టే కట్టు వద్దు. వంటింట్లోకి, జిమ్‌కి వెళ్ళేముందు తీసేయండి. నన్నడిగితే ఈ రాయికి చెవులు, మెడ మంచి చోట్లు, వేలు కాదు.

రోడ్డు పక్కన రెండొందలకి మూన్‌స్టోన్ దండ కొన్నాను. గాజేమో అని అనుమానం. ఇంట్లోనే తెలుసుకునే దారుందా?
– డిగ్రీ విద్యార్థిని, ఉప్పల్

ఉంది. దండని ముందు నల్ల గుడ్డ మీద పెట్టి చూడండి, తర్వాత కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకోండి. నలుపు మీద నీలంగా కనిపించిన పూస వెలుతురుకి ఎత్తినప్పుడు నారింజ రంగులోకి మారితే అది ఓపలైట్, అంటే గాజు. లోపల గుండ్రటి గాలి బుడగలున్నా గాజే. అసలు రాయిలో చాలాసార్లు సన్నటి పగుళ్ళుంటాయి. శ్రీలంక రాళ్ళలో అవి జెర్రిలాగా, మధ్యలో ఒక గీత, అటూ ఇటూ చిన్న చిన్న కాళ్ళలా కనిపిస్తాయి, భూతద్దంలో చూడ్డానికి ఎంత బాగుంటాయో. దండ మీకు నచ్చితే హాయిగా వేసుకోండి, మూన్‌స్టోన్ అని చెప్పి ఎవరికీ కానుక ఇవ్వకండి, అంతే.

పౌర్ణమి రాత్రి వెన్నెల్లో పెడితే మెరుపు పెరుగుతుందంటారు, నిజమా?
– నాంపల్లి పాఠకురాలు

పెరగదు. మెరుపు లోపలి పొరలది, ఆ పొరలు మారవు. మీ రాయి మసకబారితే పైన గీతలు పడ్డాయనో జిడ్డు పట్టిందనో అర్థం. గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు కలిపి మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. షాపుల్లో నగలు కడిగే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో, ఆవిరిలో మాత్రం వేయనివ్వకండి, చీలిపోతుంది. గీతలు ఎక్కువైతే సాన పట్టేవాళ్ళ దగ్గర మళ్ళీ పాలిష్ చేయించవచ్చు. ఇక వెన్నెల్లో పెట్టుకోవాలనిపిస్తే డాబా మీద పెట్టుకోండి, కోతులున్న పేట అయితే కిటికీ లోపలే పెట్టండి.