పిల్లలు కావాలనుకునేవాళ్ళను ఏఆర్‌టీ సెంటర్లో ముందే గుర్తించడం ఎలా?

గుంటూరులో ఏఆర్‌టీ సెంటర్లో, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రంలో, కౌన్సెలర్‌గా కొత్తగా చేరానని, హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్ళలో పిల్లల మీద ఆశ ఎవరికుందో ముందే పసిగట్టొచ్చా అని ఒకరు అడిగారు. కొంతవరకే. ముప్పైలోపు వయసు, పిల్లలు లేకపోవడం, కొత్త పెళ్ళి లేదా రెండో పెళ్ళి, మందులతో ఒంట్లో సత్తువ రావడం: ఇవి గట్టి సూచనలు. జబ్బు సంగతి తెలియని అత్తగారి పోరు ఇంకోటి. అయినా ఈ లెక్క తప్పుతుంది. నలభై దాటినావిడ రెండో భర్త కోసం ఇంకో బిడ్డను కోరుకోవచ్చు. "మాకెందుకండీ పిల్లలు" అన్నవాళ్ళను వదిలేయకండి, దాని వెనక బిడ్డకూ వస్తుందన్న భయం ఉండొచ్చు. మందులేవీ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం, సరిగ్గా వాడితే 5 శాతం లోపు అని చెప్పి, మరోసారి అడగండి.

కాబట్టి అందరినీ అడగాల్సిందే: "వచ్చే ఏడాదిలో పిల్లల్ని కనే ఆలోచన ఉందా?" భార్యాభర్తలను విడివిడిగా అడగండి, వెంట వచ్చిన బంధువుల ముందు వద్దు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం గోప్యత వాళ్ళ హక్కు.

అవునంటే వెంటనే కండోమ్ మానెయ్యమనకండి. కనీసం ఆరు నెలలు మందు తప్పకుండా వాడి ఉండాలి, తాజా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే) పరీక్షలో వైరస్ కనబడకూడదు. అప్పుడు హెచ్‌ఐవీ లేని జీవితభాగస్వామికి కలయిక వల్ల సోకదు. ఇద్దరికీ సిఫిలిస్ పరీక్ష, ఆవిడకు ఫోలిక్ యాసిడ్ ముందే మొదలవ్వాలి.

గర్భం వచ్చాక మందు పనితనం దెబ్బతినే ప్రమాదం ఉంది. పీహెచ్‌సీలో ఐరన్, కాల్షియం బిళ్ళలిస్తారు. వాటిని టీఎల్‌డీతో (రోజూ వేసుకునే, మూడు మందులు కలిసిన హెచ్‌ఐవీ బిళ్ళ) కలిపి పరగడుపున మింగితే అందులోని డోలుటెగ్రావిర్ వాటికి అతుక్కుని ఒంటికి పట్టదు, వైరల్ లోడ్ పెరగొచ్చు. టీఎల్‌డీ వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. డాక్టరు ఒప్పుకుంటే పొద్దున 6కి టీఎల్‌డీ, టిఫినయ్యాక 9కి కాల్షియం, మధ్యాహ్నం భోజనం తర్వాత ఐరన్, రాత్రి మళ్ళీ కాల్షియం. ఈ వేళలు కాగితం మీద రాసివ్వండి, నోటిమాట నిలవదు.

32 నుంచి 36 వారాల మధ్య వైరల్ లోడ్ మళ్ళీ చూపించండి. హెచ్‌ఐవీ సోకకుండా బిడ్డకు పుట్టగానే ఏ సిరప్ ఇవ్వాలి, ఎన్నాళ్ళు అన్నది దానిమీదే ఆధారపడుతుంది. తల్లిపాలిస్తే ఆరు నెలలు అవే, పోతపాలు కలపకూడదు. ఆరో వారంలో బిడ్డ మడమ నుంచి రక్తం తీసి పరీక్షిస్తారు, చివరి పరీక్ష 18 నెలలకు.