డాక్టర్ సలహా: ఇమ్యూనిటీ తక్కువున్న వాళ్లకు ఎక్మో పెట్టించడం దండగేనా?

ప్రశ్న: మా అక్కకు 36 ఏళ్లు. ఆరేళ్లుగా లూపస్ (ఇమ్యూనిటీ ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉంది. కిడ్నీల మీద ప్రభావం పడిందని రెండు నెలల కింద స్టెరాయిడ్ డోసు పెంచి, ఇమ్యూనిటీ తగ్గించే మైకోఫినోలేట్ అనే మందు కూడా మొదలుపెట్టారు. పది రోజుల కింద పొడి దగ్గు, జ్వరం, ఆయాసం వచ్చాయి. మూడు రోజులుగా వెంటిలేటర్ మీద ఉంది. నూటికి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తున్నా నిలబడట్లేదని, హైదరాబాద్ తీసుకెళ్లి ఎక్మో (రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించే మిషన్) పెట్టించమని ఇక్కడి డాక్టరు అంటున్నారు. మా బంధువుల్లో ఒక డాక్టరు మాత్రం ఇమ్యూనిటీ లేనివాళ్లకు ఎక్మో పెడితే డబ్బు పోవడం తప్ప ఏమీ మిగలదంటున్నారు. రోజుకు లక్ష పైనే అవుతుందట. నాన్న పొలం అమ్ముతానంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఇలాంటి ప్రశ్నకు వారం ఆగి కాలమ్‌లో జవాబు రాయడం కుదరదు. అందుకే మీ మెయిల్ వచ్చిన రాత్రే రెండు ముక్కలు విడిగా పంపాను: ఎక్మో ఉన్న ఆస్పత్రి ఐసీయూ డాక్టరుతో మీ డాక్టరును ఇప్పుడే ఫోన్లో మాట్లాడించండి, తరలించాలా వద్దా అనేది ఆ తర్వాత చూద్దాం అని. ఇదే పరిస్థితిలో ఉన్న ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి మిగతాది మీ మెయిల్ వచ్చిన రోజు లెక్క ప్రకారమే ఇక్కడ రాస్తున్నాను.

మీ బంధువు చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. కానీ ఇమ్యూనిటీ లేనివాళ్లు అని అందర్నీ ఒకే గాటన కట్టేయడం దగ్గరే నాకు పేచీ.

ఎక్మో అనే మాట మన ఇళ్లలో బాగా వినిపించింది 2020 ఆగస్టు, సెప్టెంబరుల్లో, బాలు గారు చెన్నైలో చికిత్స పొందుతున్న రోజుల్లో. అంతకుముందు 2016 డిసెంబరులో జయలలిత గారి విషయంలో విన్నాం. ఇద్దరూ దక్కలేదు కాబట్టి ఎక్మో అంటే ఇక అయిపోయినట్టే అని జనంలో ఒక ముద్ర పడిపోయింది. ఇంకో చిక్కేమిటంటే ఆ రెండూ ఒకే రకం సందర్భాలు కావు. జయలలిత గారికి పెట్టింది గుండె ఆగినప్పుడు. బాలు గారికి పెట్టిందీ, ఇప్పుడు మీ అక్కకు అడుగుతున్నదీ ఊపిరితిత్తుల కోసం. మిషన్ ఒకటే గానీ గొట్టాలు పెట్టే తీరు, పెట్టే ఉద్దేశం వేరు.

మంచం పక్కన నిలబడి చూస్తే దీని సంగతి తొందరగా అర్థమవుతుంది. తొడ దగ్గరి పెద్ద సిరలోంచి చిటికెన వేలంత లావు గొట్టం బయటికి వస్తుంది, అందులో రక్తం నేరేడు పండు రంగులో ఉంటుంది. పంపు ఆ రక్తాన్ని లాగి ఒక డబ్బాలోకి నెడుతుంది, డబ్బా నిండా వెంట్రుకల్లాంటి సన్నని పైపులు, వాటిలోంచి ఆక్సిజన్ పోతుంటుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ దిగిపోయి, ఆక్సిజన్ ఎక్కి, మెడ దగ్గరి సిరలోకి తిరిగి వెళ్లే గొట్టంలో రక్తం దానిమ్మ గింజ రంగుకు మారుతుంది. నిమిషానికి నాలుగైదు లీటర్ల రక్తం ఇలా తిరుగుతూనే ఉంటుంది. నర్సు గంట గంటకూ టార్చి వేసి డబ్బాలో గడ్డలేమైనా కడుతున్నాయా అని చూస్తుంటుంది. అంతే. ఇది జబ్బును నయం చేయదు. దెబ్బతిన్న ఊపిరితిత్తుల మీద వెంటిలేటర్ ఒత్తిడి తగ్గించి, మందు పని చేసేదాకా టైం కొనిపెడుతుంది, కాబట్టి మందు ఉన్న జబ్బా కాదా అన్నదే మొత్తం లెక్క.

లెక్క అన్నాను కాబట్టి అంకెలూ చెప్తాను. 2018లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో ఇమ్యూనిటీ దెబ్బతిని, ఊపిరితిత్తులు పూర్తిగా చేతులెత్తేసి, ఎక్మో మీదికి వెళ్లిన 203 మందిని గమనించారు. ఆరు నెలల తర్వాత బతికున్నది 30 శాతం, అంటే పదిమందిలో ముగ్గురు. మీ బంధువు ఈ అంకె చూసే ఆ మాట అనుంటారు. అదే అధ్యయనంలో ఇంకో రెండు సంగతులున్నాయి. రక్త కేన్సర్లున్న వాళ్ల ఫలితాలు మిగతావాళ్ల కంటే అధ్వానం, ఇమ్యూనిటీ సమస్య బయటపడి నెల కూడా కాని వాళ్లు కాస్త మెరుగ్గా బయటపడ్డారు. వయసు ఎక్కువైనా, ప్లేట్‌లెట్లు తక్కువున్నా ఫలితం తగ్గింది. పోల్చుకోవడానికి ఇంకోటి: అదే ఏడాది ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న 249 మంది మీద చేసిన ట్రయల్‌లో 60 రోజుల్లో చనిపోయినవాళ్లు ఎక్మో గ్రూపులో 35 శాతం, మామూలు చికిత్స గ్రూపులో 46 శాతం. ఆ తేడా కూడా గణాంకాల పరీక్షలో గట్టిగా నిలబడలేదు, దాని మీద మా వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అంటే ఎక్కువమందికి ఇమ్యూనిటీ బాగానే ఉన్న గుంపులో కూడా ఎక్మో హామీ పత్రమేం కాదు.

ఇప్పుడు మీ అక్క సంగతి. బోన్ మ్యారో మార్పిడి అయ్యి కేన్సర్ తిరగబెట్టిన మనిషినీ, 36 ఏళ్ల లూపస్ పేషెంటునూ ఒకే త్రాసులో పెట్టకూడదు. ఆమె ఇమ్యూనిటీ తగ్గడానికి చాలావరకు కారణం మందులు, మందులు కాబట్టి ఆపొచ్చు, తగ్గించొచ్చు (మైకోఫినోలేట్‌ను ఇలాంటప్పుడు సాధారణంగా ఆపుతారు, స్టెరాయిడ్‌ను మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, ఇంట్లో వాళ్లు ఈ రెండూ కలగలిపి కంగారు పడుతుంటారు). నేనడిగేది ఒకటే: ఊపిరితిత్తుల్లో ఉన్నదేమిటో తెలిసిందా?

ఎక్కువ డోసు స్టెరాయిడ్ మొదలైన రెండు నెలలకు పొడి దగ్గు, జ్వరం, రోజురోజుకూ పెరిగే ఆయాసం అంటే నా మనసు ముందు న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ న్యుమోనియా మీదికి పోతుంది. దీనికి మందుంది, చవకైనదే, సెప్ట్రాన్‌లో ఉండే మందునే పెద్ద డోసులో రెండు మూడు వారాలిస్తాం. లూపస్‌లో ఊపిరితిత్తుల్లోపలే రక్తస్రావం కావడం ఇంకో అవకాశం, దానికి చికిత్స పూర్తిగా వేరు, స్టెరాయిడ్ తగ్గించడం కాదు, పెంచాలి. సీఎంవీ వైరస్, మామూలు బ్యాక్టీరియా, టీబీ కూడా లిస్టులో ఉంటాయి. బ్రాంకోస్కోపీ చేసి, అంటే సన్నని కెమెరా గొట్టం లోపలికి పంపి, ఊపిరితిత్తులు కడిగిన నీళ్లు ల్యాబ్‌కు పంపితే చాలావరకు తేలుతుంది. అంత తక్కువ ఆక్సిజన్ మీద బ్రాంకోస్కోపీ ప్రమాదమని ఇప్పుడున్న ఆస్పత్రిలో చేసి ఉండకపోవచ్చు, ఆ భయం న్యాయమైనదే. అలాంటప్పుడు కళ్లె, రక్త పరీక్షలు, సీటీ ఆధారంగా మందులు మొదలుపెట్టేస్తాం. ఎక్మో మీదకెళ్లాక బ్రాంకోస్కోపీ కాస్త ధైర్యంగా చేయగలం, ఎక్మో వల్ల ఇదొక పక్క లాభం.

హైదరాబాద్ బయల్దేరే ముందు ఇంకో మాట అడగండి: బోర్లా పడుకోబెట్టారా? నవ్వుకోకండి. 2013లో 466 మంది మీద జరిగిన ట్రయల్‌లో రోజుకు 16 గంటలకు తగ్గకుండా బోర్లా పడుకోబెట్టిన వాళ్లలో 28 రోజుల్లో 16 శాతం చనిపోతే, వెల్లకిలా ఉంచిన వాళ్లలో 33 శాతం చనిపోయారు. దీనికి కావలసింది నలుగురైదుగురు మనుషులు, దిండ్లు, ఓపిక. గొట్టాలు ఊడిపోతాయన్న భయంతోనో, రాత్రిపూట స్టాఫ్ చాలకో దీన్ని వదిలేసి నేరుగా ఎక్మో మాట ఎత్తడం అక్కడక్కడా చూస్తున్నాను. బోర్లా పడుకోబెట్టి, కండరాలు సడలించే మందిచ్చి, తక్కువ గాలితో వెంటిలేటర్ నడిపినా పీఎఫ్ రేషియో (ఇస్తున్న ఆక్సిజన్‌కు రక్తంలోకి ఎంత చేరుతోందో చెప్పే అంకె) 50 లోపు మూడు గంటలకు మించి గానీ, 80 లోపు ఆరు గంటలకు మించి గానీ ఉండిపోతే అప్పుడు ఎక్మో ఆలోచించాలి. మామూలు మనిషికి ఆ అంకె 400 పైన ఉంటుంది. మీ అక్కది ఎంతుందో డాక్టర్ని అడిగి రాసుకోండి. వెంటిలేటర్ ఎక్కి వారం దాటితే చాలా సెంటర్లు వెనకాడతాయి, మీకు మూడో రోజే కాబట్టి టైం ఉంది, కానీ పుష్కలంగా లేదు.

ప్రమాదాలు దాచను. డబ్బాలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం, దానివల్ల రక్తస్రావం, అన్నిటికంటే భయం మెదడులో రక్తస్రావం. లూపస్‌లో ప్లేట్‌లెట్లు ముందే తక్కువుండొచ్చు, మిషన్ ఇంకొన్నిటిని తినేస్తుంది. అంతంత లావు గొట్టాలు వారాల తరబడి ఉంటే కొత్త ఇన్ఫెక్షన్లు ఎక్కుతాయి, ఇమ్యూనిటీ లేని ఒంట్లో అవి తట్టుకోవడం కష్టం. కిడ్నీలు ముందే దెబ్బతిన్నాయి కాబట్టి డయాలసిస్ కూడా అవసరం పడొచ్చని ముందే అనుకోండి.

డబ్బు గురించి మాట్లాడటానికి మొహమాటపడొద్దు. కొన్నేళ్ల కింద ఒక కుర్రాడికి ఎక్మో పెట్టినప్పుడు ఎన్నాళ్లు చూద్దాం, ఏం జరిగితే ఆపుదాం అనే మాట మొదటి రోజు మేం ఇంట్లో వాళ్లతో మాట్లాడలేదు. నాలుగో వారానికి వాళ్లు ఇల్లు తాకట్టు పెట్టారు, ఊపిరితిత్తులు తేరుకోవని మాకప్పటికే తెలుసు, చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ తప్పు మాది. అప్పట్నుంచి మొదటి రోజే కూర్చోబెట్టి చెప్తున్నాను. మీరూ అడగండి: ఎన్ని రోజులకు మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం, పది రోజులా, రెండు వారాలా? మెదడులో రక్తస్రావమైతే, అవయవాలు ఒక్కొక్కటే ఆగిపోతుంటే ఏం చేస్తారు? మీ దగ్గర ఏడాదికి ఎంతమందికి ఎక్మో పెడుతున్నారు? ఖర్చు అంచనా డయాలసిస్, రక్తం, మందులతో కలిపి కాగితం మీద రాసివ్వమనండి. పొలం మాట ఆ కాగితం చూశాక నాన్నతో మాట్లాడండి, ముందు కాదు.

నా అభిప్రాయం సూటిగా అడిగితే, మీ మెయిల్లో ఉన్నంతవరకు మీ అక్కను ఎక్మో సెంటర్ వాళ్లు చూడకుండానే వద్దనడం తొందరపాటు. వయసు చిన్నది, వెంటిలేటర్ మీద మూడు రోజులే, నయం కాగల కారణం ఉండే అవకాశం ఉంది. అలాగని అంబులెన్స్ మాట్లాడుకుని మీ అంతట మీరు బయల్దేరొద్దు. ఇంత తక్కువ ఆక్సిజన్‌తో దాదాపు మూడు గంటల ప్రయాణమే పెద్ద గండం. కొన్ని సెంటర్ల టీములు మీ ఆస్పత్రికే వచ్చి, అక్కడే ఎక్మో పెట్టి తీసుకెళ్తాయి, కుదురుతుందా అని మొదటి ఫోన్లోనే అడగండి.

ఇది చదువుతున్న మిగతా లూపస్, కిడ్నీ మార్పిడి పేషెంట్లకు ఒక మాట. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 20 మిల్లీగ్రాములో అంతకంటే ఎక్కువో నెల దాటి వాడుతూ, పైన ఇంకో ఇమ్యూనిటీ తగ్గించే మందు కూడా ఉంటే న్యుమోసిస్టిస్ రాకుండా ముందు జాగ్రత్త మాత్ర అవసరమా అని మీ డాక్టర్ని అడగండి. ఆ మాత్ర సాధారణంగా సల్ఫా మందే, లూపస్ వాళ్లలో కొందరికి సల్ఫా మందులు పడవు, దద్దుర్లొస్తాయి, కాబట్టి మందుల షాపులో మీ అంతట మీరు కొనేయొద్దు.

మీరు మాత్రం ఫైలు సర్దేటప్పుడు స్టెరాయిడ్ డోసు ఏ తేదీన ఎంతకు పెంచారో ఉన్న చీటీ, సీటీ స్కాన్ సీడీ, నిన్నటి ప్లేట్‌లెట్ల రిపోర్టు అన్నిటికంటే పైన పెట్టండి. అవతలి డాక్టరు ఫోన్లో ముందు అడిగేవి అవే.