రెండో వారంలోనే తెలుస్తుంది

ప్రశ్న: బెంగళూరులో ఒక డిగ్రీ కాలేజీలో మొదటి సంవత్సరం బీఎస్సీకి కెమిస్ట్రీ చెబుతున్నాను. పాఠం చెబుతుంటే అందరూ తలలూపుతారు. తీరా ఇంటర్నల్ పేపర్లు దిద్దితే చాలామందికి ఏమీ రాలేదని తెలుస్తోంది. అప్పటికే సగం సెమిస్టర్ అయిపోతోంది. వెనకబడుతున్నవాళ్లను ముందే గుర్తుపట్టేదెలా మేడమ్?
– ఒక అధ్యాపకురాలు, యలహంక

జవాబు: ఇంటర్నల్ దాకా ఆగొద్దమ్మా. హాజరునూ నమ్మొద్దు, 75 శాతం కోసం వచ్చి కూర్చునేవాళ్లు ఎక్కువ.

రెండో వారంలో ఒకరోజు చివరి 5 నిమిషాల్లో కాగితం ముక్క మీద ఒకే లెక్క ఇవ్వండి: 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 250 మిల్లీలీటర్లు కావాలంటే ఎన్ని గ్రాములు తూచాలి? జవాబు 1 గ్రాము (1 మోలార్ అంటే లీటరుకు ఒక మోల్, సోడియం హైడ్రాక్సైడ్‌కు అది 40 గ్రాములు; 0.1 మోలార్‌కు లీటరుకు 4, పావు లీటరుకు 1). మల్లేశ్వరంలో పాఠాలు చెప్పినన్నాళ్లూ నేను మొదట ఇచ్చింది ఈ లెక్కే.

4 గ్రాములని రాసినవాళ్లు లీటరుకు లెక్కకట్టి ఆగిపోయారు. ఒకసారి చెబితే సర్దుకుంటారు. కొందరు 1000 అని రాస్తారు. మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చలేదు సరే, పావు లీటరుకు కిలో ఏమిటన్న అనుమానమైనా రాలేదు! సూత్రం నోటికి వచ్చినా దాని అర్థం పట్టుబడని ఈ పిల్లల గురించే నాకు ఎక్కువ టెన్షన్. స్టెప్పులు లేకుండా ‘1’ అని ఊరుకున్నవాళ్లనూ ఎలా వచ్చిందో అడగండి. ఇంటర్‌లో బిట్లు పెట్టి అలవాటైనవాళ్లు కొందరు అక్కడే తడబడతారు.

ఖాళీ కాగితం ఇచ్చినవాళ్లతో ఆ వారంలోనే మాట్లాడండి. పేర్లు పైకి చదవకండి. ల్యాబ్‌లో పక్కకు పిలిస్తే ఎవరికీ తెలియదు. మన కడప, మదనపల్లె పిల్లలైతే తెలుగులోనే చెప్పమనండి. ఇంగ్లీషు పాఠం మధ్య కన్నడలో ఇచ్చే వివరణ కొందరికి అందదు. సబ్జెక్టు రాదా, భాష అడ్డమా అన్నది అప్పుడు తేలుతుంది.

ఎవరితో కలిసి చదువుతున్నారో కూడా అడగండి. 1970లలో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో గణిత పరిశోధకుడు యూరీ ట్రైస్‌మన్ క్యాలిక్యులస్‌లో వెనకబడ్డ నల్లజాతి విద్యార్థులను దగ్గర నుంచి గమనించారు. వాళ్లు కష్టపడుతున్నారు, కానీ ఎవరికి వాళ్లే చదువుకుంటున్నారు. కలిసి కూర్చోబెట్టి గట్టి లెక్కలు చేయిస్తే ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్ గదిలో ఒక్కరే కుస్తీపడే మన పిల్లల్నీ ముగ్గురు నలుగురిగా కలపండి. ‘వీక్ బ్యాచ్’ అని మాత్రం పేరు పెట్టకండి, ఆ ముద్ర పడితే రావడమే మానేస్తారు.

ఆ కాగితాలకు మార్కులు వేయకండి. మార్కులున్నాయంటే మూడో వారం నుంచి పక్కవాళ్ల జవాబులే మీ చేతికొస్తాయి.