పక్కగదిలో నాన్నగారు

ప్రశ్న: నా వయసు 48. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో సొంత ఫ్లాట్, బ్యాంకు ఉద్యోగం. మూడేళ్ళుగా ధ్యానం చేస్తున్నాను. నిరుడు సెలవు పెట్టి, మౌనం పాటించే పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్ళి వచ్చాను. పాత బౌద్ధారామం ఉన్న తొట్లకొండ మీద కూర్చున్నా, బీచ్ రోడ్డులో కుక్కలకు బిస్కట్లు వేస్తున్నా అన్ని ప్రాణుల మీదా ప్రేమ పొంగుతుంది. ఇంటికి రాగానే అదంతా ఆవిరైపోతుంది. పోర్టులో పనిచేసి రిటైరైన నాన్నగారికి 79 ఏళ్ళు. తెల్లవారుజామున నేను కూర్చోగానే పక్కగదిలోంచి ‘ఈవేళ ఏ వారంరా?’ అని పదిసార్లు అడుగుతారు. విసుక్కుంటాను, తర్వాత బాధపడతాను. ఆయన పనులన్నీ నా భార్య చూసుకుంటుంది కనుక ఆ ఇబ్బంది లేదు. రెండేళ్ళుగా నరసన్నపేటలోని పుట్టింటికి కూడా వెళ్ళలేదు. తను ఏదైనా చెప్పబోతే నేను ఉపేక్షతో, అంటే దేనికీ చలించని సమభావంతో, మౌనంగా ఉంటాను కాబట్టి గొడవలు లేవు. సాధన కోసం రుషికొండ వైపు చిన్న గది అద్దెకు తీసుకోవచ్చా? కరుణ సహజంగా కలగాలంటే రోజుకు ఎన్ని గంటలు కూర్చోవాలి?

జవాబు: గది తీసుకోవద్దు. గంటలు పెంచవద్దు. అడిగిన వాటికి ఇంతకుమించి చెప్పను, ఎందుకంటే ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది మీరు తేలిగ్గా దాటేసిన మాట.

‘ఆ ఇబ్బంది లేదు’ అన్నారు. ఎవరికి? నాన్నగారిని చూసుకోవలసిన కొడుకు మీరు. ఆవిడ చేస్తున్నది మీ పని. అత్తమామల సేవ కోడలి ధర్మమంటే నేను కాదనను గాని, కొడుకు ధర్మం కూడా ఆవిడ నెత్తినే పెట్టి, మిగిలిన తీరికలో సకల జీవుల క్షేమం కోరుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

ధ్యానం వల్ల కరుణ కలుగుతుందన్న మాట నిజమే. ఈ క్షణాన్ని గమనించడం అలవాటైన మనిషికి తన విసుగు పుట్టుకలోనే దొరికిపోతుంది: దవడ బిగుసుకోవడం, ఊపిరి కురచ కావడం, ‘మళ్ళీ మొదలెట్టారా’ అన్న మాట నాలుక చివరికి రావడం, అన్నీ తెలుస్తాయి. తెలిసినప్పుడు ఆ మాట నోరు దాటేలోగా కాస్త వ్యవధి చిక్కుతుంది, ఆ వ్యవధిలో ఎదుటి మనిషి ముఖం చూడవచ్చు. పదోసారి అడిగిన నాన్నగారి గొంతులో ఉన్నది మీ ధ్యానం చెడగొట్టాలన్న పంతమా, రోజులు గుర్తుండడం లేదన్న బెదురా అన్నది అప్పుడు బోధపడుతుంది. అది బోధపడ్డవాడికి జాలిపడమని ఎవరూ నేర్పనక్కరలేదు. విపశ్యన శిబిరంలో మొదటి మూడు రోజులూ ఊపిరిని గమనించడంతోనే సరిపోతుంది, అందరి మేలూ కోరే మైత్రీ భావన పదో రోజుకు గాని రాదు. చూడడం ముందు, ప్రేమ తర్వాత. మీరు ముక్కు కొసన ఊపిరి దాకా చూసి ఆగిపోయారు, వంటింట్లో ఉన్న మనిషి దాకా చూపు వెళ్ళలేదు. బీచిలో కుక్కలకు పెట్టే బిస్కట్లను తప్పుపట్టను, కాకపోతే అవి మిమ్మల్ని ఏ వారమని అడగవు.

ఇక ఉపేక్ష సంగతి. క్రీ.శ. 5వ శతాబ్దం నాటి బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు మైత్రి, కరుణ, ముదిత (ఎదుటివారి సంతోషానికి సంతోషించడం), ఉపేక్షలలో ఒక్కొక్కదానికీ ఒక దూరపు శత్రువును, ఒక దగ్గరి శత్రువును చెప్పాడు; దగ్గరిది అంటే చూడడానికి అచ్చం ఆ గుణంలాగే కనిపించేది. ఉపేక్షకు దగ్గరి శత్రువు తెలియనితనంతో కూడిన పట్టనితనం. ఆవిడ చెప్పబోతే వినకుండా కూర్చోవడాన్ని ఏమంటారో మీరే తేల్చుకోండి.

తొట్లకొండ మీద రాతిలో తొట్లు తొలిపించుకుని నీళ్ళు నిలవచేసుకున్న భిక్షువుల గురువు బుద్ధుడు ఏం చేశాడో భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఉంది. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడివున్న ఒక భిక్షువును తోటివారెవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు నీళ్ళు పోస్తే శిష్యుడు ఆనందుడు కడిగాడు, ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చేయదలచినవాడు రోగికి సేవ చేయాలని ఆయన అన్నది ఆ తరవాతనే. పట్టించుకోనివారు కూడా ధ్యానం చేసేవారేనన్నది మరచిపోకండి.

మరో సంగతి ఆలస్యం చేయవద్దు. ఒకే ప్రశ్న పదేపదే అడగడం మతిమరుపు జబ్బుకు మొదలు కావచ్చు, బి12 విటమిన్ లోపం వల్లో థైరాయిడ్ తగ్గడం వల్లో కూడా కావచ్చు. ఆ రెండింటికీ మందులున్నాయి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో, మీకు నమ్మకమున్న మరో చోటో నరాల డాక్టరుకు చూపించండి. మీరే తీసుకువెళ్ళండి.

శిబిరానికి పది రోజుల సెలవు దొరికింది కదా, మళ్ళీ అంత సెలవూ పెట్టి ఆవిడను నరసన్నపేట పంపండి. ఆ పది రోజులూ నాన్నగారి గదిలోనే పడుకోండి. ఈసారి మౌనం అక్కరలేదు, ఏ వారమని అడిగినప్పుడల్లా చెప్పండి.